రిహానా ఎడమ భుజం

సాయంత్రం ఎండ వాలితే మా కల్లం వైపు కుక్క కూడా రాదు. వెదురు కర్రలు గాలిని కోసే చప్పుడు అలా ఉంటుంది. ఏప్రిల్ దాకా ఆ నేల మిరపకాయలది. కాయలు ఎండి, బస్తాలకెక్కి, గుంటూరు యార్డుకు వెళ్లిపోయాక మళ్లీ కోతలు వచ్చేదాకా అది రిహానాది. ఆడపిల్లలకు కర్రసాము నేర్పడానికి కల్లం ఎందుకిచ్చావని ఊళ్లో కొందరు నన్ను అడిగారు. "మీ ఇళ్లల్లో మగపిల్లలున్నారుగా, వాళ్లకి కాస్త భయం ఉంటుందని" అన్నాను. మళ్లీ అడగలేదు.

రిహానా మా జానీబీ కూతురు. జానీబీ, నేనూ పెళ్లయిన కొత్తలో మిరపకోతల్లో పక్కపక్క సాళ్లు పట్టేవాళ్లం. నాకు సొంత చేను ఉండేది, ఆమెకు ఉండేది కాదు. కానీ చెయ్యి వేగంలో ఆమెదే పైచెయ్యి, ఈ మాట ఆమె బతికుండగా నేను ఒప్పుకోలేదు. జానీబీ తండ్రి పీర్ల పండక్కి కర్ర తిప్పేవాడు. మగపిల్లలు ఎవరూ ఆయన దగ్గర నేర్చుకోలేదు, వాళ్లకి సెల్‌ఫోన్లు వచ్చేశాయి. చివరికి మనవరాలికి నేర్పాడు. రిహానా పెళ్లిచూపులకి పిల్లాడివాళ్లొచ్చి "అమ్మాయికి ఏమొచ్చు?" అని అడిగితే, ఆ ముసలాయన కుట్టుపని మాట ఎత్తకుండా "కర్ర బాగా తిప్పుద్ది" అన్నాడట. అయినా చేసుకున్నాడు ఆ అబ్బాయి. చిలకలూరిపేటలో లారీల మెకానిక్కు. ధైర్యవంతుడే.

పొద్దుటిపూట జాకెట్లు కుడుతుంది రిహానా, సాయంత్రం కర్ర నేర్పుతుంది. మెడలో కొలతల టేపు వేసుకునే కల్లానికి వచ్చేస్తుంది, తియ్యడం మర్చిపోతుంది. పిల్లలు దాన్ని చూసి నవ్వుతారు, ఏ పిల్లా తియ్యమని చెప్పదు.

మొదట్లో అందరిలాగే నోటితోనే నేర్పేది. నేను కల్లం గట్టున నులకమంచం వేసుకుని కూర్చునేదాన్ని కాబట్టి అన్నీ నా చెవిన పడేవి.

"శ్రీదుర్గా, వెనక కాలు లేస్తోందమ్మా."

"లేవట్లేదు మేడం."

"లేస్తోంది."

"లేదు మేడం, ఒట్టు."

శ్రీదుర్గ హైస్కూలు టీచరుగారి అమ్మాయి. ఇస్త్రీ మడత నలక్కుండా ఆడాలని చూస్తుంది. నేను మంచం మీంచే అరిచాను: "నేను చూశానే, గుడ్డు పెట్టబోయే కోడికి లేచినట్టు లేచింది!" ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది. రిహానా నా వైపు ఒక చూపు చూసింది. నేను ఆకు వక్క తీసుకుని వేరే వైపు తిరిగాను.

మర్నాడు వస్తూనే రిహానా కల్లం మూలనున్న పాత పురుగుమందు పంపు బయటికి లాగింది. దాని పిచికారీ గొట్టం నిటారుగా నిలబెట్టి, లంగాలకు వేసే ఎలాస్టిక్‌తో ఫోను దానికి కట్టింది. శ్రీదుర్గ ఆడుతుంటే వీడియో తీసి, పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టి చూపించింది. ఫోనులో మనిషిని ఎంత మెల్లగా కావాలంటే అంత మెల్లగా నడిపించవచ్చని నాకు అప్పుడే తెలిసింది. పైకెగిరిన శ్రీదుర్గ కిందికి దిగేలోపు నేను వక్క నమలడం అయిపోయింది. కాలు లేచిందా? లేచింది. అందరికీ కనిపించింది, శ్రీదుర్గకి కూడా.

"మేడం, నాదేనా ఆ కాలు?"

"మరి నాదా?"

ఆ రోజునుంచి కల్లంలో ఒట్లు పెట్టుకోవడం ఆగిపోయింది.

"నోటితో చెబితే తిట్టినట్టుంటుంది పెద్దమ్మా" అంది రిహానా నాతో. "వీడియో చూపిస్తే వాళ్లంతట వాళ్లే దిద్దుకుంటారు. వీడియో అబద్ధం చెప్పదు."

"అబద్ధం చెప్పదు సరేనే. ఎవరి ముందు చెప్పాలో దానికి తెలుసా?" అన్నాను నేను. ఏదో నోటికొచ్చి అన్నాను తప్ప, ముందు జరగబోయేది తెలిసి కాదు.

*

మా అబ్బాయి యలమంద కూతురు అమూల్య. నా మనవరాలు. పేటలో ఇంటరు చదువుతోంది. మా యలమందకి నోట్లో మాట తక్కువ, చేలో పని ఎక్కువ. కూతురు తండ్రిలాగే మాట్లాడదు, కానీ కర్ర చేతికిస్తే వేరే పిల్ల అయిపోతుంది. రిహానా దగ్గర నేర్చుకునే వాళ్లందరిలో ఎదురెదురుగా నిలబడి ఆడే ఆటలో దీన్ని మించినవాళ్లు లేరు. ఛాతీకి మెత్తలు కట్టుకుని, కొసకి గుడ్డ చుట్టిన కర్రతో ఆడతారు. అవతలివాళ్ల ఒంటికి కొస తగిలిస్తే పాయింటు. ఆగస్టులో ఒంగోలులో పోటీలు. అమూల్య మీద రిహానా చాలా ఆశ పెట్టుకుంది.

కోతల రోజుల్లో ఆదివారాలు అమూల్య కూడా చేలోకి వచ్చేది. సోమవారం కాలేజీలో పక్కపిల్ల ముక్కు మూసుకుని "నీ చేతులు ఘాటొస్తున్నాయే" అనేదట. అప్పటినుంచి చేతులకి మల్లె సెంటు రాసుకోవడం మొదలుపెట్టింది. మిరపఘాటుకి మల్లె సెంటు తోడైతే ఎలా ఉంటుందో ఇంట్లో ఉన్న మాకు తెలుసు. అయినా నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకుండా ఉన్నానంటే అది చిన్న సంగతి కాదు.

జూన్‌లో ఒక చిక్కు వచ్చింది. బాగా ఆడుతూ ఆడుతూ అమూల్య ఉన్నట్టుండి ఎడమ డొక్కలో దెబ్బ తింటోంది. రోజూ అక్కడే. ఎందుకో దానికీ తెలియదు, చూసేవాళ్లకీ తెలియదు. రిహానా వీడియోలన్నీ ఇంటికి తీసుకెళ్లి, జాకెట్లు కుడుతూ చూసి, అన్నం తింటూ చూసి, చివరికి పట్టేసింది. చెమట కంట్లోకి దిగినప్పుడల్లా అమూల్య ఎడమ భుజం పైకెత్తి మొహం దానికేసి తుడుచుకుంటోంది. రెప్పపాటు పని. ఆ రెప్పపాటులో చేతిలో కర్ర పక్కకి జారుతోంది. డొక్క తలుపు తీసిపెట్టిన ఇల్లులా అవుతోంది.

దొరికిందన్న సంతోషం రిహానాని నిలవనివ్వలేదు. అది ఆదివారం, వాన పట్టింది. పిల్లలందరినీ మా వసారాలోకి పిలిచి, ఫోనుని మా టీవీకి కలిపింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చిన తల్లులు కూడా వానకి అక్కడే కూర్చుండిపోయారు. టీవీ నిండా అమూల్య మొహం. చెమట, ముడుచుకున్న ముక్కు, పైకి లేస్తున్న భుజం. రిహానా దాన్ని మెల్లగా నడిపింది, ఆపింది, వెనక్కి తిప్పింది, మళ్లీ నడిపింది.

"చూశారా? ఇక్కడ. ఇదిగో, ఇక్కడే!"

శ్రీదుర్గ అంది: "మేడం, కోతల కూలీల ఆటో దిగొచ్చినట్టుందండీ!"

వసారా అంతా గొల్లుమంది. తల్లులు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. అమూల్య కూడా నవ్వింది. అందరూ ఆపాక కూడా నవ్వుతూనే ఉంది. నాకు అప్పుడే గుబులు పట్టింది.

మర్నాడు అది కల్లానికి వెళ్లలేదు. కర్ర తీసుకెళ్లి గొడ్లచావిడిలో చూరుకి దోపింది.

"చదువుకోవాలి నాయనమ్మా."

"చదువుకోవాలంటే పుస్తకం తెరవాలి. నువ్వు దుప్పటి తెరుస్తున్నావు."

దుప్పటి కిందనుంచి చాలాసేపటికి గొంతు వచ్చింది. "నేను అలా ఉంటానా నాయనమ్మా? అందరికీ అలాగే కనిపిస్తానా? టీవీలో... అంత పెద్దగా..." తర్వాత గొంతు గట్టిపడింది. "ఇంక నన్ను నేను చూసుకోను. ఎవర్నీ చూడనివ్వను. కర్ర పట్టుకుంటేగా చూసేది!"

ఆ మాట నాకు ముల్లులా దిగింది. చేతులకి సెంటు రాసుకోవడం వేరు, ఇది వేరు. చెప్పులు కూడా వేసుకోకుండా రిహానా ఇంటికి వెళ్లాను. మిషను మీద ఉంది.

"ఏమే, నువ్వు నేర్పేది కర్రసామా, బజారులో తెర కట్టి బొమ్మలాటా? నా మనవరాలి చెమట ఊరికంతా చూపించడానికా నీకు కల్లం ఇచ్చింది?"

ఇంకా చాలా అన్నాను. మిషను ఆపి నిలబడింది. ఎదురు చెప్పలేదు. చెబితే నాకు కాస్త తేలికగా ఉండేది.

"తప్పు దొరికిందన్న సంతోషంలో పిల్లని మర్చిపోయాను పెద్దమ్మా" అంది.

ఆ సాయంత్రమే వచ్చింది. అమూల్య గది తలుపు వేసుకుంది. రిహానా ఆ తలుపుతోనే మాట్లాడింది. "అమూల్యా, ఒంగోలు పోతే పోనీయి తల్లీ. పోటీ వద్దు, ఏమీ వద్దు. ఊరికే రా, ఆడుకుందువుగాని." తలుపు పలకలేదు. గడప మీద కాసేపు కూర్చుంది, నేనిచ్చిన మంచినీళ్లు తాగింది, వెళ్లిపోయింది. వాన వెలిసినా చున్నీ నెత్తిన వేసుకునే నడిచింది.

రోజులు అలాగే వెళ్లాయి. కల్లంలో కర్రల చప్పుడు మొదలవగానే అమూల్య రేడియో పెద్దది చేసేది. రిహానా పిల్లలకి నేర్పుతూ మధ్యలో మా ఇంటి వైపు చూసేది. చూసి, ఏం చెబుతున్నదో మర్చిపోయేది. పంపుకి ఫోను కట్టడం మానేసింది.

*

ఒకరోజు పిల్లలందరూ వెళ్లిపోయాక నా మంచం దగ్గరికి వచ్చింది.

"పెద్దమ్మా, మీరు నన్ను వీడియో తీయాలి."

"పంపుకి కట్టుకోవే. అది నాకంటే కదలకుండా నిలబడుతుంది."

"అదే చిక్కు. అది ఒకచోటే నిలబడుతుంది, నేను కల్లమంతా తిరుగుతాను. మీరు నా వెంట తిప్పాలి."

నేను ఫోనులో మాట్లాడటం తప్ప వేరే పని ఎరగను. చేతిలో పెట్టి చూపించింది. "ఈ ఎర్ర చుక్క నొక్కండి. అయిపోయాక మళ్లీ ఇదే నొక్కండి. పక్కనున్న ఈ గుండ్రటి బాణాలు మాత్రం ముట్టుకోకండి."

"ముట్టుకుంటే ఏం, షాకు కొడుతుందా?"

"నేను పోయి వీడియోలో మీరు పడతారు."

కొలతల టేపు తీసి మంచం మీద పెట్టింది. చున్నీ నడుముకి బిగించింది. తాతగారి కర్ర, పట్టుకునే చోట నున్నగా నల్లబడిన కర్ర, రెండు చేతుల్లోకి తీసుకుంది.

ఇన్నేళ్లుగా మంచం మీద కూర్చుని చూస్తున్నాను గానీ రిహానా పూర్తిగా ఆడటం నేను ఎప్పుడూ చూడలేదు. నేర్పేవాళ్లు ముక్కలు ముక్కలుగా ఆడి చూపిస్తారు. ఇక్కడ అడుగు, అక్కడ తిప్పు, ఆగు, చూశావా, మళ్లీ. ఆ రోజు ఆగకుండా ఆడింది. ఒళ్లు బరువెక్కిన మనిషి, ఇద్దరు పిల్లల తల్లి, కర్ర చుట్టూ పొగలా తిరిగింది. ఫోనుతో పాటు నేనూ తిరిగాను. ఎక్కడ పడిపోతానోనని ఒక చెయ్యి మంచం కోడు మీద వేసుకుని మరీ తిప్పాను. ఎర్ర చుక్క మళ్లీ నొక్కేసరికి ఇద్దరికీ ఒకేలా ఆయాసం వచ్చింది.

"ఇది అమూల్యకివ్వండి" అంది. "రిహానా అక్క తన తప్పులు చెప్పమంది అని చెప్పండి. ఒక్కతే చూడాలి. మీరు కూడా చూడకూడదు. నాకు కూడా దాని నోటిద్వారానే తెలియాలి."

"నువ్వు చూసుకోవా?"

"ముందు దాన్ని చూడనివ్వండి."

ఫోను తీసుకెళ్లి అమూల్య అన్నం కంచం పక్కన పెట్టాను, చెప్పమన్న మాట చెప్పాను. "నాకెందుకు?" అంది. "నాకేం తెలుసు, మీ మేడానికి పనీపాటా లేదు" అని గొడ్లచావిడిలోకి వెళ్లిపోయాను. గేదెకి అప్పటికే గడ్డి వేసి ఉంది. మళ్లీ వేశాను. అది నన్ను వింతగా చూసింది.

కాసేపటికి లోపలినుంచి కర్ర చప్పుడు వినిపించింది. ఫోనులోది. కాస్త ఆగి మళ్లీ అదే చప్పుడు. వెనక్కి తిప్పి చూస్తోందన్నమాట. ఇంకోసారి. ఇంకోసారి. అప్పుడు గట్టిగా ఒక కేక.

"నాయనమ్మా! ఇట్రా, తొందరగా రా!"

వెళ్లాను. "ఎవరూ చూడకూడదందే మీ మేడం" అంటే, "నువ్వు చూడు ముందు" అని ఫోను నా ముక్కుకి ఆనించింది. రిహానా మెల్లగా తిరుగుతోంది. కర్ర పైకి లేచింది, కిందికి వస్తోంది, చెమట బొట్టు నుదుటిమీంచి కనుబొమ్మకి జారింది. రిహానా ఎడమ భుజం లేచింది. మొహం వంగి భుజానికి రాసుకుంది. కర్ర పక్కకి జారింది.

"అక్క కూడా, నాయనమ్మా!"

నాకు అక్కడ రిహానా కనిపించలేదు. పక్క సాలులో నడుం వంచి, వంచిన నడుం ఎత్తకుండానే మొహం భుజానికి తుడుచుకుని నన్ను దాటి ముందుకెళ్లిపోయే జానీబీ కనిపించింది. ఆమె పోయి చాలా ఏళ్లయింది. మంచి ఫొటో ఒక్కటి కూడా లేదు. అలాంటి మనిషి ఈ ఫోనులోకి ఎలా వచ్చిందా అని చూస్తూ ఉండిపోయాను.

"మిరపచేలో పెరిగిన పిల్లకి మొట్టమొదట నేర్పేది ఇదేనే" అన్నాను చివరికి. "కాయ కోసిన చెయ్యి కంటికి పోకూడదు. పోయిందా, ఇక ఆ రోజుకి ఆ మనిషి లేనట్టే. అందుకని భుజానికి తుడుచుకోవాలి. రిహానా నడక నేర్చిన రోజుల్లో చెయ్యి మొహం మీదికి పోతే జానీబీ చురుక్కుమనేలా ఒకటి వేసేది. నీకు నేను వేశాను. నాకు మా అమ్మ వేసింది."

అమూల్య తన ఎడమ భుజం వైపు చూసుకుంది, అక్కడ ఎవరో చెయ్యి వేసినట్టు. తర్వాత ఫోను పట్టుకుని గొడ్లచావిడిలోకి వెళ్లింది. వచ్చేటప్పుడు చేతిలో కర్ర ఉంది.

*

మర్నాడు సాయంత్రం కల్లంలో అందరి ముందూ కాకుండా, రిహానాని నా మంచం దగ్గరికి పిలిచింది అమూల్య.

"అక్కా, నీ ఎడమ భుజం లేస్తోంది."

"నాదా?"

"చెమట పట్టినప్పుడల్లా."

"లేదమ్మా. నేనెందుకు ఎత్తుతాను? మా తాత అలా నేర్పలేదు."

"ఒట్టు పెట్టుకుంటావా?" అన్నాను నేను. నాకు ఆ సరదా తీరాలిగా.

అమూల్య ఫోను తీసి చూపించింది. మెల్లగా నడిపింది, ఆపింది. రిహానా వంగి చూసింది. నమ్మలేక ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ చూసింది. అలాగే నేల మీద చతికిలపడింది.

"ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదేమే నాకు?"

"ఎప్పుడూ వీడియో తీసేది నువ్వే కదక్కా. నిన్నెవరు తీశారు?"

ఆ తర్వాత అమూల్యకి ఏదో తోచింది. పాత వీడియోలు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టింది. ఒకచోట ఆగి "అక్కా!" అంది. శ్రీదుర్గ. కర్ర తిప్పుతూ భుజం ఎత్తి మొహం రాసుకుంటోంది. మిరపచేను గట్టు కూడా ఎక్కి ఎరగని పిల్ల! ఇంకో పిల్ల. ఇంకో పిల్ల. అందరూ రిహానాని చూసి నేర్చుకున్నారు. కర్ర తిప్పడంలో అదీ ఒక భాగమేననుకున్నారు. జానీబీ కూతురికి వేసిన దెబ్బ ఎవరెవరి భుజాలదాకా పోయిందో చూడండి.

రిహానా శ్రీదుర్గని పిలిచి, పక్కకి తీసుకెళ్లి, ఒక్కదానికే చూపించింది. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. అక్కడినుంచి తిన్నగా అమూల్య దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒసేయ్, నేను కూడా కోతల ఆటో దిగానే."

"దిగావు" అంది అమూల్య. "ముందు సీట్లోంచి."

ఇద్దరూ నవ్వారు. ఈ నవ్వు వేరు. రిహానా నా వైపు తిరిగింది, నేను వక్క కోసం వెతుక్కున్నాను.

ఆ రోజునుంచి ఆమె పద్ధతి మారింది. మళ్లీ పంపుకి ఫోను కట్టింది గానీ, ఎవరి వీడియో వాళ్లే ముందు చూడాలి. చూశాక తప్పు రిహానా చెప్పదు. "ఏం కనిపించింది?" అని అడుగుతుంది, అంతే. మంచి కనిపిస్తే మంచి చెప్పవచ్చు. ఇంకొకళ్లకి చూపించాలో వద్దో ఆ పిల్ల ఇష్టం. వారానికోసారి మాత్రం రిహానా తను ఆడింది అందరికీ చూపిస్తుంది. పిల్లలు తప్పులు పడతారు. ఆ రోజు ఒక్క పిల్ల కూడా ఆలస్యంగా రాదు. తీసేది నేనే. నా చెయ్యి ఇప్పుడు బాగా కుదిరింది, ఆ మాట అందరూ అంటారు.

*

ఒంగోలుకి నన్ను కూడా తీసుకెళ్లారు. రిహానా బరి పక్కన కూర్చోవాలి, కాబట్టి వీడియో పని నాది. పెద్ద హాలు, పైన వరసగా ఫ్యాన్లు, కింద ఎర్ర చాప. అమూల్య మొదటి ఆటలు గెలిచింది, అవి నేను బాగానే తీశాను. ఆఖరి ఆటకి ఎదురుగా కందుకూరు పిల్ల నిలబడింది. సన్నగా వేపబెత్తంలా ఉంది. ఆ పిల్ల అడుగు పడటమే కనిపించలేదు నాకు.

"నాయనమ్మా, తీస్తున్నావా?" అని బరిలోనుంచి అరిచింది అమూల్య.

"తీస్తున్నానే! ముందుకి చూడు!"

ఎర్ర చుక్క నొక్కాను. కంగారులో వేలు ఇంకెక్కడైనా తగిలిందేమో నాకు తెలియదు. ఆ తర్వాత ఫోను వైపు చూస్తే ఒట్టు. కళ్లన్నీ బరిలోనే.

ఆట మొదట్లోనే చెమట దిగింది. అమూల్య భుజం లేచింది. డొక్కలో ఠక్కున తగిలింది. రిహానా అరవలేదు, తల అడ్డంగా ఊపలేదు. అలాగే చూస్తూ కూర్చుంది. అమూల్య ఒకసారి ఆమె వైపు చూసి మళ్లీ కర్ర ఎత్తింది. తర్వాత ఇది రెండు కొట్టింది, అది ఒకటి కొట్టింది. సమానమయ్యారు. మళ్లీ చెమట. దూరంగా కూర్చున్న నాకే కనిపించింది, నుదుటిమీంచి జారి కంట్లోకి వెళ్లింది. భుజం కదిలింది. కదిలి, ఆగింది, మెల్లగా కిందికి దిగింది. కళ్లు ఎర్రగా మండుతున్నాయి, రెప్ప వెయ్యడం లేదు, మొహమంతా తడి. అంతమంది చూస్తున్నారు. చూస్తే చూడనీ అన్నట్టు నిలబడింది నా మనవరాలు.

ఆ తర్వాత కూడా చాలాసేపు ఆడారు. చివరి పాయింటు కందుకూరు పిల్లదే. ఒప్పుకోవాలి, ఆ పిల్ల మంచి ఆటగత్తె. మనది రెండో స్థానం. అమూల్య వచ్చి రిహానా మెడలో మొహం పెట్టుకుంది. కొలతల టేపు ఇద్దరి మధ్యా నలిగింది.

తిరుగు ప్రయాణానికి ముందు రిహానా పిల్లల్ని కొత్తపట్నం తీసుకెళ్లింది, సముద్రం చూపిస్తానని ముందే మాట ఇచ్చింది కాబట్టి. పిల్లలు నీళ్లలోకి పరిగెత్తారు. అమూల్య మాత్రం తడికాళ్లతో వెనక్కి వచ్చింది.

"నాయనమ్మా, ఆఖరి ఆట తీశావుగా?"

"తీశాను."

"చూపించు. నేను చూసుకోవాలి."

రిహానా, నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను ఫోను ఇచ్చాను. ఎండకి ఏమీ కనిపించకపోతే నా కొంగు గొడుగులా పట్టాను. శ్రీదుర్గా మిగతా పిల్లలూ "మమ్మల్ని చూడనిస్తావా?" అని అడిగారు. "రండి" అంది అమూల్య. అందరం ఆ కొంగు కిందికి దూరాం.

ఫోనులో బరి లేదు. కందుకూరు పిల్ల లేదు. అమూల్య లేదు. నా గడ్డం, నా ముక్కుపుడక, నా నోరు, నా నెత్తిమీద తిరుగుతున్న ఫ్యాన్లు. ఆట పొడుగునా నేనే ఉన్నాను.

పిల్లలు ఇసకలో పడి దొర్లారు. "బాణాలు ముట్టుకోవద్దన్నాను కదా పెద్దమ్మా!" అని రిహానా పొట్ట పట్టుకుంది. "నేను ముట్టుకోలేదు, అవే నా వేలుకి తగిలాయి" అన్నాను. "తీసెయ్ దాన్ని."

అమూల్య తియ్యలేదు. నవ్వడమూ లేదు. ఇంకా చూస్తోంది. ఫోనులోనుంచి కర్రల చప్పుడు వస్తోంది, బొమ్మలో నా మొహం ఒక్కటే ఉంది. చప్పుడుని బట్టి ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు, నా మొహం చూస్తే తెలుస్తోంది. దానికి తగిలినప్పుడు నా మొహం ఎలా అయిందో, అది కొట్టినప్పుడు ఎలా అయిందో మొదటిసారి నేనూ చూశాను. పిల్లలు ఒక్కొక్కరే నవ్వు ఆపి మళ్లీ కొంగు కిందికి వచ్చారు. ఒకచోట నా మొహం కదలకుండా నిలిచిపోయింది. అది అమూల్య భుజం ఆగిన చోటు, నాకు గుర్తుంది. అంతలో ఫోనులో నా ఎడమ భుజం లేచింది. మొహం వంచి, కళ్లు దానికి రాసుకున్నాను.

అమూల్య అక్కడ ఆపింది.

"ఏం కనిపించింది నాయనమ్మా?" అంది, అచ్చం రిహానాలాగే.

"ఏముంది? చెమట. ఆ హాల్లో ఫ్యాన్లు తిరగలేదు."

"పైన తిరుగుతూ కనిపిస్తున్నాయిగా."

నేను సముద్రం వైపు చూశాను. అమూల్య వచ్చి నా నడుం చుట్టూ చేతులు వేసింది. చేతులకి ఆ రోజు సెంటు లేదు. రిహానా ఫోను తీసుకుని, ఆగిపోయిన ఆ బొమ్మని చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ తన ఎడమ భుజం పైకెత్తి కళ్లు తుడుచుకుంది.

అమూల్య చూసింది. తప్పని చెప్పలేదు.